ఆరు బోల్టులు, మూడు తెలుపులు

నా భార్య ప్రాణం ఆరు బోల్టుల మీద ఆధారపడి ఉందని మా మామగారు చెప్పినప్పుడు నా రెండు చేతులూ ఒక లెక్చరరు నోట్లో ఉన్నాయి.

కింది దవడలో ఎడమవైపు చివరి పన్ను. అది మొండికేసింది. నేనూ మొండికేశాను. సరిగ్గా అప్పుడే మామగారు తలుపు తోసుకుని లోపలికొచ్చారు. నా క్లినిక్కు మా ఇంటి ముందుగదే. దాని వెనక హాలు, వంటిల్లు, ఆ వెనక పెరడు. పెరట్లో రేకుల షెడ్డు, షెడ్డులో విమానం. తలుపు తట్టే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

"అల్లుడూ, పళ్ళకి స్క్రూలు బిగించడానికి నీ దగ్గర ఏదో చిన్న రెంచి ఉంటుందే. ఎంత బిగించాలో అంతకి రాగానే ఆగిపోతుంది, అది."

"ఉంది మామయ్యా. పది నిమిషాలాగండి."

"రెంచి కాదు, నీ చెయ్యి కావాలి నాకు. విమానం చూసి సర్టిఫికెట్టిచ్చే ఇన్‌స్పెక్టరు ఫోన్ చేశాడు. బిగించినవాడే సరిచూసుకుంటే ఒప్పుకోడట. చూడ్డానికి ఇంకో మనిషి ఉండాలట. ప్రొపెల్లరు బోల్టులు ఆరూ ఇవాళ్టి నుంచి నీవి. ఆరే కదా అని తేలిగ్గా తీసుకోకు. అవి ఊడితే ముందు ఫ్యాను ఊడుతుంది, తర్వాత ఇంజను ఊడుతుంది. వెనకాల కూర్చునేది మా అమ్మాయి."

కుర్చీలో లెక్చరరు కళ్ళు పెద్దవయ్యాయి. నోరు ఎలాగూ పెద్దదయ్యే ఉంది. ఆయన ఏదో అడగబోయాడు.

"మీరు కదలకండి," అన్నాం ఇద్దరం ఒకేసారి.

పన్ను ఆ క్షణంలోనే ఊడి చేతికొచ్చింది. మామగారు దానివైపు మెచ్చుకోలుగా చూశారు.

"చూశావా, చెయ్యి మంచిదే," అని వెళ్ళిపోయారు.

ఆ ఎండాకాలం మా ఇంట్లో అలా మొదలైంది.

మామగారు ఉద్యోగమంతా లిఫ్టులు బాగుచేశారు. అన్నేళ్ళు మనుషుల్ని తాళ్ళకి వేలాడదీసి పైకీ కిందికీ పంపిన మనిషి, రిటైరయ్యాక తాడు లేకుండా పంపి చూద్దామనుకున్నారు. చెక్కా గుడ్డా గొట్టాలూ కలిపి ఒక్క సీటున్న విమానం కట్టారు. తీరా అది తయారయ్యేసరికి కంటి పరీక్షలో ఆయన కళ్ళు తప్పాయి. నడిపే వంతు కూతురికొచ్చింది. నా భార్యకి డ్రైవింగ్ స్కూలుంది. శిష్యులు తప్పు చేసేలోపే తన వైపున్న రెండో బ్రేకు తొక్కేస్తుంది కాబట్టి ఊళ్ళో ఆమెని బ్రేకమ్మ అంటారు. ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఆ ధైర్యం ఆమెకి తండ్రి నుంచి వచ్చింది. తల్లి నుంచి అసలే రాలేదనుకునేవాణ్ణి. ఆ రెండో లెక్క తప్పింది.

అత్తగారు విమానం అనే మాట ఎప్పుడూ అనలేదు. "ఆ డబ్బా" అనేవారు. షెడ్డు గడప తొక్కేవారు కాదు. ఎండలు ముదిరే ముందు ఒకరోజు భోజనాల దగ్గర గరిటె పక్కన పెట్టి, ఒకే ఒక్క షరతు పెట్టారు.

"వానలు పడేలోపు అది ఎగిరితే ఎగిరినట్టు. లేదంటే విప్పి అటకెక్కించేస్తారు. మళ్ళీ వచ్చే ఏడాది, ఆపై ఏడాది అంటే నా వల్ల కాదు. రోజూ భయపడుతూ బతకలేను. ఏదో ఒకటి తేలిపోవాలి."

మామగారు ఒప్పుకున్నారు. నా భార్య ఒప్పుకుంది. ఊరి బయట గడ్డి మైదానమే మా రన్‌వే. మొదటి వాన పడిందంటే అది బురదగుంట. కాబట్టి గడువు ఏమిటో మబ్బులకి తప్ప ఎవరికీ తెలియదు.

మామగారు నాకు పాఠం చెప్పింది ఒక ఆదివారం పొద్దున.

విమానం ముక్కు దగ్గర స్టూలేసి నన్ను కూర్చోబెట్టారు. ప్రొపెల్లరు చెక్కది. ఆయన స్వయంగా చెక్కింది. దాని నడుమ గుండ్రటి అల్యూమినియం బిళ్ళ, ఆ బిళ్ళలోంచి, చెక్కలోంచి ఇంజను దాకా వెళ్ళే ఆరు బోల్టులు. ఒక్కో బోల్టు చివర ఒక్కో నట్టు.

"ఇది టార్క్ రెంచి. ఎంత బిగువు కావాలో ఇక్కడ పిడి మీద పెట్టాను. నట్టుకి తగిలించి మెల్లగా లాగు. అంత బిగువుంటే టక్కుమంటుంది. అనగానే చెయ్యి తీసెయ్."

లాగాను. టక్.

"ఇంకోసారి లాగి చూడనా?"

"చూడకూడదు. అదే చెప్తున్నా. రెండోసారి లాగాలనిపిస్తుంది. లాగావంటే అది పరీక్ష కాదు, బిగింపు. ఎండకి చెక్క ఎండి సన్నబడుతుంది. నట్టు అక్కడే ఉంటుంది కానీ కింద పట్టు తగ్గుతుంది. అందుకని వారం వారం చూస్తావు. నట్టు కదలకుండా టక్కంటే క్షేమం. కదిలాక టక్కంటే వదులైందని అర్థం, నాకు చెప్తావు."

తరవాత చిన్న డబ్బాలోంచి తెల్ల రంగు తీసి, ఒక్కో నట్టు మీంచి బిళ్ళ మీదకి సన్నటి గీత గీయించారు. నట్టు ఏమాత్రం తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. పంటి మీద గీసినంత జాగ్రత్తగా గీశాను.

"పర్లేదు," అన్నారు మామగారు. ఆయన నోటివెంట అంతకన్నా పెద్ద మాట రాదు.

వారాలు గడిచాయి. ప్రతి ఆదివారం టక్, టక్, టక్. ఆరు నట్లూ ఒక్క వెంట్రుకవాసి కదిలేవి కావు. గీతలు తిన్నగా ఉండేవి. ఇంజను పరీక్షలు జరిగాయి. షెడ్డు బయటికి లాగి, చక్రాలకి దిమ్మలు పెట్టి, నా భార్య ఇంజను పరుగెత్తించేది. పెరట్లో ఆరేసిన బట్టలన్నీ ఒకవైపు లేచి నిలబడేవి. అత్తగారు వంటింటి కిటికీ మూసేసేవారు.

ఎండలు బాగా ముదిరాక ఒక ఆదివారం నా చెయ్యి రెంచి మీదే ఆగిపోయింది.

నేను పళ్ళ డాక్టర్ని. తెలుపు ఒక రంగు కాదని నాకు తెలుసు. కొత్త పన్ను కట్టేటప్పుడు పక్క పన్నుతో కలవాలి కాబట్టి రకరకాల తెలుపుల నమూనా పళ్ళు వరసగా గుచ్చిన పట్టీ ఒకటి మా దగ్గర ఉంటుంది. రోజంతా మేం చేసేది ఈ తెలుపుకీ ఆ తెలుపుకీ తేడా పట్టడమే. నేను గీసింది పాల తెలుపు. ఇప్పుడు మూడో నట్టు మీద గీత మీగడ తెలుపులో ఉంది.

క్లినిక్కుకి పరుగెత్తి పట్టీ తెచ్చాను. విమానం ముక్కు దగ్గర స్టూలు మీద కూర్చుని ఒక్కో నట్టు పక్కన ఒక్కో నమూనా పన్ను పెట్టి చూశాను. ఎవరైనా చూసి ఉంటే ఎండ దెబ్బనుకునేవాళ్ళు. మూడు గీతలు మీగడ తెలుపు. రెండు కొంచెం నీలం కలిసిన తెలుపు. నేను గీసిన గీత ఒక్కటే మిగిలింది.

ఎవరో వచ్చారు. నట్లు తిప్పారు. నా గీతలు తుడిచేసి కొత్తవి గీశారు. రెండు రంగులంటే, ఒకరు కాదు, ఇద్దరు.

ఈ సంగతి నా భార్యకి చెప్పడానికి ఇల్లు మంచి చోటు కాదనిపించింది. మర్నాడు ఆమె కారు వెనక సీట్లో ఎక్కాను. ముందు ఒక బ్యాంకు క్లర్కు స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

"ఎవరో మన బోల్టుల మీద చెయ్యి వేస్తున్నారు," అన్నాను.

"ఎడమకి తిప్పండి. మీరు కాదు, ఆయన. వదులు చేశారా?"

"లేదు. రెంచి పెడితే టక్కంటోంది. బిగువుగానే ఉన్నాయి."

కారు గుంతలో పడి లేచింది.

"టార్క్ రెంచి తక్కువైతే చెప్తుంది," అంది నెమ్మదిగా. "ఎక్కువైతే చెప్పదు కదండీ."

నేను సీట్లో ముందుకి జరిగాను. నిజమే. రెంచి మీద పెట్టిన బిగువు కన్నా నట్టు రెండింతలు బిగిసి ఉన్నా రెంచి అదే టక్ అంటుంది. అన్ని ఆదివారాలూ అది నాతో అంతా క్షేమమే అంది. తనకి తెలిసినంతవరకూ.

"ఎక్కువ బిగిస్తే ఏమవుతుంది?"

"కింద ఉన్నది ఇనుము కాదు, చెక్క. నలుగుతుంది. పీచు తెగుతుంది. ఒకరోజు చీలుతుంది." ఆమె బ్రేకు తొక్కింది. ఎదురుగా ఎవరో సైకిలు మీద అడ్డం వచ్చారు. "అద్దంలో నా మొహం చూడకండి సార్, రోడ్డు చూడండి."

"వానలు పడేదాకా ఇది ఎగరకపోతే ఎవరికి కావలసింది జరుగుతుంది?" అన్నాను.

ఆ ప్రశ్న నేను అడగకుండా ఉండాల్సింది. ఇద్దరి మనసులోనూ ఒకే మొహం మెదిలింది.

"అమ్మ కాదు," అంది ఆమె. అది నాకు చెప్పిన మాట కాదు. "నాన్నకి ఇప్పుడే చెప్పకండి. ముందు పట్టుకోండి."

బ్యాంకు క్లర్కు కారు పక్కకి ఆపేశాడు. "మేడమ్, మీరు మాట్లాడుకోండి. నేను రేపొస్తాను," అన్నాడు.

ఆ సాయంత్రమే వల పన్నాను. నోట్లో అందని మూలల్లో గుర్తులు పెట్టడం నాకు అలవాటే. ప్రతి నట్టు కింది అంచున, మనిషి వంగి చూస్తే తప్ప కనిపించనిచోట, సన్నటి పెన్సిల్‌తో ఒక చుక్క. సరిగ్గా దానికి ఎదురుగా బిళ్ళ మీద ఇంకో చుక్క. పైనున్న తెల్ల గీతలు ఎవరైనా తుడిచి గీసుకోవచ్చు. చుక్కలు నావి.

మూడోరోజు పొద్దున చూస్తే ఆరు చుక్కలూ జరిగి ఉన్నాయి. ఆరూ బిగువు వైపే.

ఆ మధ్యాహ్నం కుర్చీలో ఒక లావుపాటి బట్టల కొట్టాయన ఉన్నాడు. కట్టుడుపళ్ళ కోసం అచ్చు తీస్తున్నాను. మెత్తటి ముద్ద నోటినిండా పెట్టాను. అది గట్టిపడేదాకా కదలకూడదు. సరిగ్గా అప్పుడు పెరటివైపు నుంచి చిన్న చప్పుడు వినిపించింది. ఇనుము మీద ఇనుము. టక్ కాదు. స్పానరు మూలిగే చప్పుడు.

"రెండు నిమిషాలు. మింగకండి," అని చెప్పి వంటింట్లోంచి పెరట్లోకి దూకాను.

షెడ్డు తలుపు ఓరగా ఉంది. లోపల వంటింటి పీట మీద నిలబడి, చీర కొంగు నడుముకి చుట్టి, మామగారి పొడుగు స్పానరుకి రెండు చేతులతో వేలాడుతున్నది అత్తగారు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగుతున్నారు. మొహం ఎర్రబడింది.

"అత్తయ్యా."

ఆవిడ ఉలిక్కిపడలేదు. "తలుపు దగ్గరగా వెయ్యండి బాబూ. ఎండ కొడుతోంది."

"ఏం చేస్తున్నారు?"

"కనబడుతూనే ఉందిగా."

తలుపు వేశాను. ఆవిడ పీట దిగి నుదురు తుడుచుకున్నారు. దొరికిపోయిన మనిషి మొహంలా లేదు. సగంలో పని ఆగిపోయిన మనిషి మొహంలా ఉంది.

"పోస్టాఫీసులో పార్సిళ్ళ దగ్గర పనిచేసినన్నాళ్ళూ రెండు ముళ్ళు వెయ్యమనేది రూలు," అన్నారు. "నేను మూడు వేసేదాన్ని. నా చేతి మీంచి వెళ్ళిన పార్సిలు ఒక్కటీ దారిలో విడిపోలేదు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ పచ్చడి సీసాలకి మూడు ముళ్ళు వేశాను. నా పిల్లకి రూలు ప్రకారం సరిపెట్టెయ్యమంటారా?"

"ఎగరొద్దన్నది మీరే కదా."

"అన్నాను. వింటుందా? వినదు. దాని సంగతి మీకన్నా నాకు తెలుసు. ఎలాగూ ఎక్కుతుంది. ఎక్కాక ఊడకుండా ఉంటే చాలు నాకు."

నట్లవైపు చూపిస్తూ, "ఆ గీతలు?" అన్నాను.

"మీ గీత చెరిగిపోయింది. పాపం అంత ఓపిగ్గా గీసుకున్నారు, చూస్తే బాధపడతారని కిటికీ చువ్వలకి వేయగా మిగిలిన రంగుతో మళ్ళీ గీశాను. వంకరొచ్చిందా?"

"లేదత్తయ్యా. బాగానే వచ్చింది. మరి నీలం తెలుపు కూడా మీదేనా?"

"నీలమేంటి? తెలుపంటే తెలుపే కదా."

ముందుగదిలోంచి బట్టల కొట్టాయన ఊ ఊ అంటూ గోడ మీద చేత్తో కొట్టడం వినిపించింది.

"ఇంట్లో ఎవరికీ చెప్పకండి," అన్నారు అత్తగారు. ఆ మాటలో మొదటిసారి బెరుకు వినబడింది. "పిచ్చిదాన్నంటారు."

మాట ఇవ్వలేదు. ఇవ్వకుండా వచ్చేసి అచ్చు తీశాను. అది రాయిలా బిగిసి, బట్టల కొట్టాయన మిగిలిన పళ్ళు కూడా లాక్కుని వచ్చేలా ఉంది.

సాయంత్రం మామగారితో ఒక్క ముక్కే చెప్పాను. "మామయ్యా, నట్లు కదిలాయి. ఆరూ. బిగువు వైపు."

పెన్సిల్ చుక్కలు చూపించాను. ఆయన వంగి, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని, చాలాసేపు చూశారు. ఎవరు, ఎందుకు అని అడగలేదు. అది నాకు వింతగా తోచింది.

"విప్పుదాం," అన్నారు.

నా భార్య అప్పుడే డ్రైవింగ్ స్కూలు నుంచి వచ్చింది. ముగ్గురం కలిసి ప్రొపెల్లరు దించి బల్ల మీద పడుకోబెట్టాం. మామగారు అల్యూమినియం బిళ్ళ తీశారు.

బిళ్ళ ఉన్నచోట చెక్క లోపలికి దిగిపోయి గుండ్రటి పళ్ళెంలా ఉంది. వార్నిష్ చిట్లింది. రెండు చిల్లుల మధ్య, చెక్క పీచు వెంట, వెంట్రుక లాంటి నల్లటి గీత ఒకటి పాకింది. మామగారు బొటనవేలితో దాన్ని తడిమారు. వేలు అక్కడే పెట్టి ఉంచేశారు.

"ఇది పైన ఉండగా..." అని మొదలుపెట్టి, పూర్తి చెయ్యలేదు.

"ఎవరు?" అంది నా భార్య. నావైపే చూస్తోంది.

నేను నేల చూపులు చూస్తున్నాను. ఆ షెడ్డులో నేల అంత శుభ్రంగా ఉంటుందని అప్పుడే గమనించాను.

"నేనే," అన్న మాట వెనక నుంచి వచ్చింది. అత్తగారు గుమ్మంలో ఉన్నారు. "వదులైపోతాయేమోనని..."

నా భార్య వెళ్ళి తల్లి చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకొచ్చి, ఆ నల్ల గీత చూపించింది. అత్తగారు చూశారు. అర్థమైంది. ఆవిడ మొహంలో రక్తం దిగిపోవడం నేను చూశాను.

మామగారు అలమారా తెరిచి చిన్న డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. విమానం మీద నంబరు రాసిన రంగు. మూతకి అంటుకున్న తెలుపులో కొంచెం నీలం ఉంది.

"నువ్వొక్కదానివే కాదోయ్," అన్నారు అత్తగారితో. "అల్లుడిది పళ్ళు పట్టుకునే చెయ్యి, బోల్టు పట్టుకునేది కాదు అనిపించింది. రోజూ పొద్దున్నే పాలు తెచ్చేముందు వచ్చి ఒక్క చిన్న పట్టు. ఒక్కటే. రెంచి లేకుండా, నా చేతి అంచనాతో."

"మీరు కూడానా?" అన్నారు అత్తగారు.

"రెండోసారి లాగకూడదని నాకు పాఠం చెప్పింది మీరే కదా మామయ్యా."

"చెప్పింది నీకు. నాకు నేను చెప్పుకోలేదు."

పొద్దున మొగుడు, మధ్యాహ్నం పెళ్ళాం. ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకరి గీత ఒకరు తుడుచుకుంటూ.

"అయితే అల్లుడుగారొక్కరే ముట్టుకోలేదన్నమాట," అన్నారు అత్తగారు. అందులో నింద ఉందో మెప్పు ఉందో తేల్చుకోలేకపోయాను.

"ఆయనకి నా మీద అంత ప్రేమ లేదులే అమ్మా," అంది నా భార్య.

మామగారికి ముందు నవ్వొచ్చింది. తరవాత నా భార్యకి. అత్తగారు మాత్రం నవ్వలేదు. ఆ పాడైపోయిన ప్రొపెల్లరు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. గడువు ఆవిడ పెట్టిందే. అటక ఖాళీగానే ఉంది. ఇప్పుడు చేతులు ముడుచుకుంటే చాలు, ఆవిడ అడిగింది అడిగినట్టు జరిగిపోతుంది. మేం ముగ్గురం ఆ సంగతే ఆలోచిస్తున్నామని నాకు తెలుసు.

"ఇలాంటిదే ఇంకోటి చెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నారావిడ.

"చెక్క అతికించి పెట్టిన దిమ్మ ఇంకోటి ఉంది," అన్నారు మామగారు జాగ్రత్తగా. "చెక్కడానికి మూడు వారాలు. నేనొక్కణ్ణీ అయితే."

"వానలు ఎప్పుడొస్తాయి?"

"ఎవడికి తెలుసు."

"మరి కూర్చున్నారేం," అని పైకప్పుకి వేలాడుతున్న దిమ్మవైపు చెయ్యి చూపించారు అత్తగారు.

ఆ తరవాతి రోజులు నాకు రంపప్పొట్టు వాసనతోనే గుర్తు. మామగారు గీతలు గీసి బాడిసెతో చెక్కేవారు. సాయంత్రాలు నా భార్య చిత్రిక పట్టేది. గరుకు కాగితంతో నునుపు చేసే పని అత్తగారు తీసేసుకున్నారు. ఎవరూ ఇవ్వలేదు, ఆవిడే తీసుకున్నారు. కంటికి కనబడని ఎగుడుదిగుళ్ళు ఆవిడ అరచేతికి తగిలేవి.

"ఇక్కడ బొడిపె ఉంది."

"లేదే," అనేవారు మామగారు.

"మీ కళ్ళు కాదు, చెయ్యి పెట్టి చూడండి."

చూసేవారు. ఉండేది.

ప్రొపెల్లరు నడుమ చిల్లులో కడ్డీ దూర్చి రెండు బల్లల మధ్య ఆనిస్తే, బరువున్న రెక్క కిందికి వాలుతుంది. రెండూ సమం అయ్యేదాకా తేలికైన రెక్కకి వార్నిష్ పట్టిస్తూ పోవాలి. అత్తగారు కుంచె పట్టుకుని పూసేవారు, చూసేవారు, పూసేవారు. ఒక మధ్యాహ్నం రెండు రెక్కలూ తక్కెడ కాడలా అడ్డంగా నిలబడిపోయాయి. ఆవిడ ఊపిరి బిగబట్టి అలా చూస్తూండిపోయారు. నా పేషెంట్లు ఇద్దరు ముందుగదిలో కూర్చోలేక వచ్చి వాళ్ళూ చూశారు.

పాత బోల్టులు కూడా సాగి ఉంటాయని మామగారు ఆరూ పారేసి కొత్తవి వేశారు. బిగించింది ఆయన, రెంచితో. సరిచూసింది నేను. గీతలు ఒకే తెలుపు. అప్పుడు నా భార్య తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నీకో పని. వీటిని ఎవరూ ముట్టుకోకుండా చూసుకోవాలి. నాన్న కూడా."

"నేను కూడానా?"

"నువ్వు ముందు."

అత్తగారు ఆ పని పార్సిళ్ళ కౌంటరులా నడిపారు. పీట తెచ్చి విమానం ముక్కు దగ్గర వేసుకున్నారు. కూరగాయలు అక్కడే తరిగేవారు. మామగారు పొద్దున్నే అలవాటుగా షెడ్డులోకి అడుగుపెడితే, "ఏం కావాలి?" అని అడిగేవారు. ఆయన ఏమీ వద్దని పాలకి వెళ్ళిపోయేవారు. ఆవిడ వేళ్ళు ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటం నేను కిటికీలోంచి చూశాను. బిగించడం కన్నా అది చాలా కష్టమైన పని.

ఇన్‌స్పెక్టరు వచ్చినరోజు పడమట మబ్బు పట్టింది. మాటలు తూచి ఇచ్చే మనిషి ఆయన. రెక్కలు చూశాడు, తీగలు లాగి చూశాడు, చక్రాలు తన్ని చూశాడు. ముక్కు దగ్గరికొచ్చి నట్టు మీద చెయ్యి వెయ్యబోయాడు.

"ముట్టుకోకండి," అన్నారు పీట మీద నుంచి అత్తగారు.

"ముట్టుకోకుండా ఎలా చూస్తానమ్మా?"

"కళ్ళతో చూడండి. గీత తెగలేదుగా."

ఆయన మామగారివైపు చూశాడు. మామగారు ఆకాశం చూస్తున్నారు.

"రెంచి పెట్టి చూడాలి. రూలు."

అత్తగారు ఆలోచించారు. "సరే. ఒక్కసారే."

టక్. ఆయన చెయ్యి ఇంకా రెంచి మీదే ఉంది. "ఇంక తియ్యండి," అన్నారావిడ. తీశాడు. ఆరు నట్లకీ ఆరుసార్లు తీశాడు. కాగితం మీద సంతకం చేసి, వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగాడు.

"ఈవిడని వేరే షెడ్లకి కూడా పంపుతారా?" అన్నాడు. ఆయన జోకు వెయ్యడం అదే మొదటిసారట. క్లబ్బులో చెప్తే ఎవరూ నమ్మలేదు.

మర్నాడు పొద్దున మైదానంలో గడ్డి ఇంకా పొడిగానే ఉంది. గాలిలో మాత్రం తడి వాసన. నా భార్య సీట్లో కూర్చుని బెల్టు బిగించుకుంది. నేను చివరిసారి రెంచి పెట్టాను. ఆరు టక్‌లు. ఆఖరిదాని దగ్గర నా మణికట్టు ఇంకొక్కసారి లాగమంది. ఎంత గట్టిగా అడిగిందో చెప్పలేను. అప్పటిదాకా ఆ ఇద్దరినీ లోలోపల కొంచెం నవ్వుకుంటూనే ఉన్నాను. ఇక నవ్వుకోలేదు. రెంచి తీసి పెట్టెలో పడేసి మూత వేసేశాను.

"డాక్టరుగారూ," అంది నా భార్య.

"ఊ?"

"నోరు మూసుకోండి. ఈగలు దూరతాయి."

ఇంజను అందుకుంది. గడ్డి పరుపులా పడుకుంది. విమానం గెంతుతూ పరుగెత్తింది, గెంతడం మానేసింది, చక్రాల కింద వెలుతురు కనిపించింది. మామగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేసరికి అది చెట్ల పైన ఉంది.

"ఎక్కడ? ఎక్కడుంది?" అన్నారాయన.

"ఎడమవైపు తిరుగుతోంది," అన్నారు అత్తగారు. "ఇప్పుడు తిన్నగా పోతోంది. కొంచెం కిందికి దిగింది. మళ్ళీ ఎక్కుతోంది."

ఆవిడ రెప్ప వెయ్యలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, తల పూర్తిగా పైకెత్తి, మొగుడికి కనబడనిదంతా ఒక్కొక్కటీ చెప్తూ పోయారు. నేను చప్పుడు వింటున్నాను. ఇంజను చప్పుడులో ఒక్క అపశ్రుతి దొర్లినా పట్టుకునేంత శ్రద్ధగా వింటున్నాను. దొర్లలేదు. మైదానం చుట్టూ మూడు చుట్లు తిరిగి, ఎండలో మెరిసి, మా తలల మీదుగా వెళ్ళి, దూరంగా మలుపు తీసుకుని దిగడానికి వచ్చింది. ఒక చక్రం ముందు తగిలింది. చిన్నగా ఊగింది. రెండో చక్రం ఆనింది. గడ్డిలో దొర్లుతూ వచ్చి మా ముందు ఆగింది.

ప్రొపెల్లరు ఆగేదాకా ఎవరూ కదలలేదు. నా భార్య దిగింది. జుట్టంతా రేగి, మొహం పెద్ద బహుమతి దొరికిన చిన్నపిల్లదిలా ఉంది. మామగారు ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఏదో అనబోయి, మళ్ళీ కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టారు. నేను ఏమన్నానో నాకు గుర్తులేదు. పిచ్చిమాటేదో అనే ఉంటాను.

అత్తగారు ఒక అడుగు ముందుకొచ్చారు.

"దిగేటప్పుడు కుడిపక్కకి వాలావు," అన్నారు.

"గాలి అమ్మా. పక్క నుంచి కొట్టింది."

"గాలి సంగతి నాకు తెలీదు." ఆవిడ కూతురి మొహం మీద పడ్డ జుట్టు వెనక్కి తోసి చెవి వెనక దోపారు. "రేపు తిన్నగా దించు."